మూగజీవములకు వేసవి రక్షణ



రోహిణీ కార్తెలో రోళ్లు పగులునన్న మాట మా ముదిగొండ ఎండలకు చక్కగా సరిపోవును. ఒకనాటి ఉదయము దూడను వేపనీడన కట్టి పారాయణమునకు కూర్చుంటిని. నీడ జరిగినది, పలుపు జరుగలేదు. లేచి చూచునప్పటికి దూడ ఎండలో కూలబడి యున్నది. నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరగా తేరుకొన్నది. పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి, ఆనాడు నేను మరచినది అదియే.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. వగర్చియే వేడిని పోగొట్టుకొనును. గేదెకు చెమట తక్కువ. కావుననే మడుగు కోరును. దర్శనమునకు వచ్చువారు పెంపుడు జీవమును కారులో విడువరాదు. కొద్దిసేపటిలోనే లోపలి వేడి ప్రాణాంతకమగును. ఇంటివద్ద విడిచినచో తొట్టిలో నీరు, మధ్యాహ్నమునకును నిలుచు నీడ చూచి బయలుదేరుడు. వగర్పు ఆగక తూలినచో ఒడలు తడిపి, వెంటనే పశువైద్యునికి చూపుడు.

ఇప్పుడు పారాయణము నడుమ లేచి, నీడ చూచి వచ్చుచున్నాను. దానిని దోషమని తలపను.