తాపీ మేస్త్రికి సర్టిఫికెట్ ఎక్కడ పనికొస్తుంది?

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద బొంగుళూరు దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే ఏదో ఒక కట్టడం సాగుతూనే ఉంటుంది. ఆదిబట్ల కంపెనీలు, ఔటర్ రింగ్ రోడ్డు లేఅవుట్లు, ఇంజినీరింగ్ కాలేజీలు, అన్నిటికీ మేస్త్రీలు కావాలి. వాళ్లలో చాలామంది పని నేర్చింది తండ్రి దగ్గరో, మేనమామ దగ్గరో. పని వచ్చు, వచ్చని చెప్పే కాగితం లేదు.

లేబర్ కార్డు ఉంది కదా అనుకోవచ్చు. అది వేరు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంతో వచ్చిన ఆ కార్డు 18 నుంచి 60 ఏళ్ల లోపువారికి, ఏడాదిలో 90 రోజులైనా నిర్మాణ పని చేసినవారికి ఇస్తారు. కట్టడం ఖర్చు మీద 1 శాతం సెస్సు (ఒక ప్రత్యేక అవసరానికి వేసే పన్ను) వసూలవుతుంది. ప్రమాదం, ప్రసూతి వంటి వేళల్లో సాయం అందేది అందులోంచే. మీరు కార్మికులని ఆ కార్డు చెబుతుంది. గోడ నిలువుగా కట్టగలరో లేదో చెప్పదు.

అది తేల్చేది ఆర్‌పీఎల్ (ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి గుర్తించడం). 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇదొక భాగం. ఇరవై ఏళ్లుగా ఇటుక పేర్చిన మనిషికి మళ్లీ ఇటుక పేర్చడం నేర్పరు. కొద్ది గంటలు తరగతి, ఆపైన పరీక్ష. తరగతి చెప్పినవారు కాకుండా వేరేవారు మార్కులు వేస్తారు. ఈ పద్ధతికి ఆయువుపట్టు అదే. గుండు వేలాడదీసి నిలువు, రసమట్టంతో అడ్డం, మూలమట్టంతో మూల చూస్తారు. మాలు పాళ్లు, పరంజా మీద జాగ్రత్తలు అడుగుతారు. అనుభవం ఉన్నవారు తడబడితే, నా అంచనాలో, చేతిపని దగ్గర కాదు, ప్లాన్ చదవడం దగ్గర. పని కొత్తగా నేర్చుకునేవారి దారి వేరు. వారికి హైదరాబాద్‌లో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్, ఉంది.

మరి కూలి పెరుగుతుందా? కూలీల అడ్డా మీద పెరగదు. అక్కడ పనికి పిలిచేవారికి మేస్త్రి తెలుసు, అతను కట్టిన ఇల్లూ తెలుసు. ముఖపరిచయం లేని చోటే కాగితం అక్కరకొస్తుంది: పెద్ద కంపెనీ సైటులో, పరాయి దేశంలో. సౌదీ అరేబియా కొన్ని పనులకు వీసా ఇవ్వకముందే మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టిస్తోంది. 2024లో ఇజ్రాయెల్ కోసం హైదరాబాద్‌లో సెంట్రింగ్, ఇనుము వంచడం, ప్లాస్టరింగ్, టైల్స్ పనివారిని ఎంపిక చేసినప్పుడూ పని చేయించే చూశారు. పరీక్ష గట్టిదైతేనే పత్రానికి విలువ. హాజరైతే చాలు అన్నట్టు పంచిన పత్రాన్ని ఏ సైటు ఇంజినీరూ లెక్కచేయడు.

ఆర్‌పీఎల్ పరీక్షకు వెళ్లేవారు ఆధార్‌లో పేరు, అక్షరాలు ముందే సరిచూసుకోండి. కౌశల్ వికాస్ యోజన కింద ఈ పరీక్షకు కార్మికుడు ఫీజు కట్టనక్కర్లేదు. మధ్యవర్తి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.