మీకు తెలుసా? టోర్నడో బలాన్ని చెప్పేది కూలిన గోడలే!

నేల దగ్గర గాలి ఒక దిక్కుకు, పైన మరో దిక్కుకు ఇంకా వేగంగా వీస్తే, మధ్యలోని గాలి అరచేతుల మధ్య నలిపే దూదివత్తిలా అడ్డంగా దొర్లుతుంది. ఉరుముల మేఘంలోకి ఎగసే వెచ్చని గాలి ఆ సుడిని నిలువుగా లేపుతుంది. అది సన్నబడి నేలను తాకితే టోర్నడో!

దాని బలాన్ని అది వెళ్లిపోయాకే, నష్టాన్ని చూసి లెక్కగడతారు. ఈ పద్ధతిని 1971లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా రూపొందించారు. 2007 నుంచి అమెరికాలో దానికే మెరుగులు దిద్ది ‘ఈఎఫ్’ స్కేలుగా వాడుతున్నారు. పైకప్పు కొంత లేచిపోతే ఈఎఫ్-0. గట్టి ఇల్లు పునాది దాకా తుడిచిపెట్టుకుపోతే ఈఎఫ్-5, అంటే గంటకు 322 కిలోమీటర్లు దాటిన గాలి! 2011 మే 22న మిస్సోరీలోని జోప్లిన్ పట్టణంలో 150 మందికి పైగా ప్రాణాలు తీసింది అలాంటిదే.