సంగటి ముద్దకూ లెక్కుంది

అపోహ: అన్నం మానేసి రాగిసంగటి తింటే బరువు తగ్గుతారు.

వాస్తవం: సోమల, పుంగనూరు వైపు సంగటిని చిన్నచూపు చూస్తే ఊరుకోరు, నేనూ చూడను. కానీ నూరు గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కెలోరీలుంటే, అంతే బియ్యంలో 350 దాకా ఉంటాయి. తేడా అంతే. పైగా మన ముద్దలో కొంత బియ్యమూ ఉంటుంది. రాగుల గొప్పతనం పీచులో ఉంది. నూరు గ్రాములకు సుమారు 11 గ్రాములు. తెల్లబియ్యంలో 3 లోపే. అందుకే ముద్ద తింటే చాలాసేపు ఆకలి వెయ్యదు, సాయం అక్కడ. ఆ సాయాన్ని పక్కనున్న చెనిగింజల ఊరుబిండి తినేస్తుంది. నూరు గ్రాముల చెనిగింజల్లో 500 పైచిలుకు కెలోరీలు, మీద నెయ్యి వేరే! మడక దున్నినవాడికి చేసిన ముద్ద అది. మడక పోయి ట్రాక్టరు వచ్చింది, ముద్ద సైజు మాత్రం తగ్గలేదు.

అపోహ: పిండిపదార్థాలు పూర్తిగా మానితేనే కొవ్వు కరుగుతుంది.

వాస్తవం: కొన్నేళ్ల కిందట పిండిపదార్థాలు మాన్పించే కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ తెలుగునాట ఊరూరా తిరిగింది. మొదటి వారంలోనే కాటా ముల్లు దిగడం నిజమే, అయితే దిగిందాంట్లో చాలావరకు నీళ్లు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చవుతుంటే నీళ్లూ పోతాయి. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిపై ఏడాదిపాటు జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. చక్కెర జబ్బుకు ఇన్సులినో మాత్రలో వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఆపితే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

అపోహ: నలభై దాటగానే మెటబాలిజం మందగిస్తుంది.

వాస్తవం: 29 దేశాల్లో ఆరువేల పైచిలుకు మందిని లెక్కగట్టి 2021లో సైన్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒంటి సైజును, కండను పరిగణించి చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఒళ్లు చేసే కెలోరీల ఖర్చు దాదాపు నిలకడగానే ఉంటుంది. పొలానికి నడిచి వెళ్లినవాళ్లు బండెక్కి వెళ్లడం మాత్రం నలభైకి ముందే మొదలవుతుంది.

ఇక థైరాయిడ్ మందగిస్తే బరువు పెరగడం నిజమే. చాలామందిలో అది రెండు నుంచి నాలుగైదు కిలోలు, అందులోనూ ఎక్కువ ఉప్పూ నీళ్లే. పెరిగిన పదిహేను కిలోలనూ దాని నెత్తిన వేసేముందు ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి.