సేద్యం తరఫున పలికే గొంతు

వానాధారపు వేరుశనగ, తోతాపురి మామిడి, పాడి ఆవుల మీద ఆధారపడిన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో విత్తనపు కాయలు ఒలవడం, కలుపు తీయడం, పశువులకు మేత వేసి పాలు పితకడం వంటి పనుల్లో అధికభాగం స్త్రీల చేతుల మీదుగానే జరుగుతున్నా, సేద్యం గురించి మాట్లాడవలసిన చోట, అంటే బ్యాంకులోనూ మార్కెట్ యార్డులోనూ గ్రామసభలోనూ, రైతుగా లెక్కకు వచ్చేది ఎక్కువగా పురుషుడే. ఒక రైతు సాగులో ఉన్న మొత్తం భూమిని కమతం అంటారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల నిర్వహణలో ఉన్న కమతాలు సుమారు 14 శాతం మాత్రమే. వ్యవసాయం పక్షాన నిలబడి నలుగురినీ ఒప్పించే నేర్పు ఈ ప్రాంతపు మహిళలకు ఇప్పటికే ఉంది. వారి మాటకు విలువ తెచ్చే గుర్తింపే ఇంకా పూర్తిగా దక్కలేదు.

ఆ నేర్పుకు పాదు పొదుపు సంఘం. పది పదిహేను మంది స్త్రీలు కలిసి నడుపుకొనే ఈ సంఘాలు ఊరి స్థాయిలో గ్రామ సమాఖ్యగా, ఆపైన మండల సమాఖ్యగా కూడుకొని ఉంటాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని, అంటే రసాయన ఎరువులూ పురుగుమందులూ వాడని సాగును, ప్రోత్సహించడం మొదలుపెట్టినప్పుడు ఆ ప్రచారానికి ఈ సంఘాలనే ప్రధాన ఆధారంగా చేసుకొంది. అందులో సీఆర్పీలుగా పిలిచే కార్యకర్తలు ముందుగా తమ పొలంలో ఆ పద్ధతిని పాటించి, ఆ తర్వాత తోటివారికి నేర్పే సాగుదారులు. వారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒక్క ఏడు పంట పోయినా అప్పు తీర్చలేని కుటుంబం కరపత్రం చదివి సాగు పద్ధతి మార్చుకోదు; పక్క చేని గట్టు మీద నిలబడి, మొక్కను పెరికి వేరు చూసి, ఖర్చెంతయిందక్కా అని అడిగి తెలుసుకున్నాకనే ఆలోచనలో పడుతుంది.

ఆ నేర్పించే పని ఎంత వివరంగా ఉంటుందో ద్రవ జీవామృతం తయారీలో చూడవచ్చు. 200 లీటర్ల నీళ్లు పోసిన డ్రమ్ములో 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లమూ పప్పుల పిండీ, గుప్పెడు గట్టు మట్టి వేసి, నీడలో గోనెపట్టా కప్పి, కర్రతో కలియదిప్పుతూ 48 గంటలు పులియనిస్తే ఎకరానికి సరిపోయే ద్రావణం సిద్ధమవుతుంది. నేలలోని సూక్ష్మజీవుల్ని పెంచడం దీని ఉద్దేశం. వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతిలో విత్తనాలకు బీజామృతం అనే విత్తనశుద్ధి ద్రావణం, బంకమట్టి, బూడిద పట్టించి ఆరబెడతారు. కంది, అలసంద, అనుములు, సజ్జ వంటి గింజల్ని ఏటికేడు బూడిద కలిపి దాచుకొనే అలవాటున్న ఇళ్లలో ఆ పనిని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

అయితే ప్రకృతి వ్యవసాయపు దిగుబడుల గురించి శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా ముగియలేదు కనుక, దాన్ని ప్రచారం చేసే స్త్రీ నమ్మకంతో పాటు లెక్కలూ చూపగలగాలి. విత్తిన తేదీ, పడిన వాన, పెట్టిన ఖర్చు, వచ్చిన బస్తాలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడం, అప్పుల పద్దులు రాసే సంఘాలకు కష్టమైన పని కాదు. ఆ పుస్తకం పట్టుకొని వెళ్లి ప్రశ్నించదగిన చోట్లు తిరుపతిలోనే ఉన్నాయి: 1961లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల, నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలను అందించిన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, పరిశోధన ఫలితాలను రైతుల పొలాల్లో పరీక్షించి చూపే కృషి విజ్ఞాన కేంద్రం. 2021లో తిరుమల శ్రీవారి నైవేద్యానికి ప్రకృతి వ్యవసాయ ఉత్పత్తుల వాడకం మొదలు కావడం ఈ సాగుకు మంచి కొనుగోలుదారును చూపింది; ఆ సరఫరాలో స్త్రీల సంఘాలకు ఎంత వాటా దక్కుతోందని అడగడం కూడా వ్యవసాయ ప్రచారంలో భాగమే.

గొంతు ఊరి పొలిమేర దాటడానికి తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతం ఎంతో విలువైన ఉదాహరణ. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకోవడంతో ఆగకుండా, ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పే పాత పంటల జాతర జరిపారు, కెమెరా పట్టి తమ సాగు గురించి చిత్రాలు తీశారు, 2008లో సంఘం రేడియో ప్రారంభించి తమ యాసలోనే పంటల సంగతులు ప్రసారం చేశారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిని మరిద్దరితో పంచుకున్నప్పుడు, లిస్బన్ వేదిక మీద ఆ కార్యక్రమం తరఫున నిలిచిన వారిలో నెట్టెం నాగేంద్రమ్మ అనే మహిళా రైతు ఉన్నారు.

ఇంత చేసినా కాగితం మీద పేరు లేని స్త్రీని అధికారి రైతు భార్యగానే చూస్తాడు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. చట్టం ముందుగా వచ్చిన ఈ సీమలోనే అన్నదమ్ముల కోసం వాటా వదులుకొనే ఆడబిడ్డలు ఇంకా ఎందరో ఉండడం బాధాకరం. భూమి లేకపోయినా సాగు చేసేవారిని, కౌలుదార్లను, కూలీలను కూడా రైతులుగానే పరిగణించాలని 2007 నాటి జాతీయ రైతు విధానం చెప్పినా, ఏటా 6,000 రూపాయలిచ్చే పీఎం కిసాన్ పథకం భూమి పట్టా ఉన్న కుటుంబాలకే వర్తిస్తోంది. 2019 నాటి రాష్ట్ర చట్టం కింద 11 నెలలకు ఇచ్చే పంట సాగుదారు హక్కుపత్రానికి భూయజమాని సమ్మతి తప్పనిసరి కావడంతో, కౌలుకు చేసే ఒంటరి స్త్రీకి ఆ పత్రం సంపాదించడమే పెద్ద పోరాటమవుతోంది.

సమాఖ్యలు చేపట్టదగిన పని ఇక్కడే ఎక్కువగా ఉంది. కౌలుకిచ్చే భూస్వామి దగ్గరకు ఒక్కతెగా కాకుండా సంఘమంతా కలిసి వెళ్లి సంతకం అడగవచ్చు. పంట వివరాలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో వాస్తవంగా సాగు చేస్తున్న స్త్రీ పేరు చేరిందో లేదో రైతుసేవా కేంద్రంలో సరిచూసుకోవచ్చు. 2025లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు జరిగినటువంటి ధరల చర్చల్లో, తోటల్లో కాయ కోసి, ఏరి, బండికెత్తించే స్త్రీల ప్రతినిధులకు కుర్చీ వేయమని మండల సమాఖ్య తీర్మానం చేసి కలెక్టరుకు ఇవ్వవచ్చు. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. మామిడి కోతకు ముందే ఆ తీర్మానం సిద్ధంగా ఉండాలి.