బొమ్మల సైన్యం కొట్టుకి మీరూ వెళ్ళి చూడండి

"పదిహేనేళ్ళొచ్చాయి. శనివారం వస్తే చాలు, ఆ బొమ్మల కొట్టుకి పరుగు! ఇంకా ఈ ఆటలేమిటి వదినా?" ఇంగ్లండులో మేముండే నాటింగ్‌హామ్‌లో మన తెలుగు తల్లులు నన్ను తరచూ అడిగే మాట ఇది. డబ్బు ఖర్చవుతోందని ఒక దిగులు, అక్కడ ఎవరితో తిరుగుతున్నాడో అని ఇంకో దిగులు. రెండింటికీ మందు ఒక్కటే. వద్దు అనేముందు మీరూ వాడి వెంట వెళ్ళి ఓ గంట కూర్చుని రండి. మనవల్ని చూడ్డానికి వచ్చే అమ్మమ్మలకీ, నానమ్మలకీ కూడా ఇదే నా సలహా.

ఏమిటీ ఆట?

బొటనవేలంత సైనికులు, రాక్షసులు పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తారు. వాటిని కత్తిరించి, అతికించి, సన్నటి కుంచెతో రంగులు వేసుకోవాలి. తర్వాత పెద్ద బల్లమీద చిన్న చిన్న కొండలూ, కోటలూ అమర్చి చెరో సైన్యంతో ఆడతారు. ఎంత దూరం జరపాలో టేపు పెట్టి అంగుళాల్లో కొలుస్తారు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. మన పులిజూదంలో ఎత్తుగడ, వైకుంఠపాళిలో పందెం, బొమ్మల కొలువులో ముచ్చట మూడూ కలిపినట్టుంటుంది.

ఇది నిన్నమొన్నటి ఆట కాదండోయ్! హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లోనే బొమ్మ సైనికుల ఆటకి నియమాలు రాసి పుస్తకం వేశాడు. పిల్లల నోట మీరు వినే 'వార్‌హామర్' 1983లో వచ్చింది. దాన్ని తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1975లో లండన్‌లో పుట్టింది. ఇప్పుడు దాని ముఖ్య కార్యాలయమూ, ఫ్యాక్టరీ మా ఊళ్ళోనే ఉన్నాయి.

కొట్లో ఏం చూడాలి?

కొట్లు రెండు రకాలు. కంపెనీ సొంత కొట్లు చిన్నవి. కొత్తగా వచ్చినవాళ్ళకి అక్కడ ఒక బొమ్మ ఉచితంగా ఇచ్చి, రంగు వెయ్యడం నేర్పిస్తారు. విడి యజమానుల కొట్లలో రకరకాల కంపెనీల సరుకు దొరుకుతుంది, ఆడుకోడానికి బల్లలూ ఉంటాయి. కొన్నిచోట్ల బల్లకి కొద్దిగా రుసుము తీసుకుంటారు.

కౌంటరు దగ్గర మనిషి పిల్లలతో ఓపిగ్గా మాట్లాడుతున్నాడా, ఓడినవాడిని ఎగతాళి చేస్తున్నారా, ఇవి గమనించండి. మంచి కొట్లో ఆట అయ్యాక ఇద్దరూ చెయ్యి కలిపి లేస్తారు. కొత్త దేశంలో, కొత్త బడిలో పిల్లాడికి స్నేహితులు దొరకడం తేలిక కాదు. ఈ బల్ల దగ్గర మాత్రం అవతలివాడితో మాట్లాడక తప్పదు. గదిలో ఫోను పట్టుకుని ఒక్కడే కూర్చోవడం కన్నా ఇది నయం కదూ!

ఖర్చు చెయ్యి దాటకుండా

ఒక పెద్ద పెట్టె ఖరీదు వంద పౌండ్లు దాటొచ్చు. అందుకని మొదట చిన్న పెట్టెతో మొదలుపెట్టించండి. రెండు సైన్యాలుండే పెట్టె అయితే స్నేహితుడితో సగం సగం పంచుకోవచ్చు. 'ఉన్నవాటికి రంగు పూర్తయితేనే కొత్తది' అని షరతు పెట్టండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* బొమ్మలు కోసే కత్తి చాలా పదును. మొదట్లో మీరు దగ్గరుండండి.
* స్ప్రే రంగు ఆరుబయటే కొట్టాలి. జిగురు వాడేటప్పుడు కిటికీ తీసి ఉంచాలి.
* కుంచె రంగులు నీళ్ళతో కలిపేవే. తివాచీ మీద పడితే ఆరకముందే తుడిచెయ్యండి.
* పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు. ఇంట్లో పసిపిల్లలుంటే అందనివ్వకండి.

ముగ్గులు వేసి, గోరింటాకు పెట్టి ఆరితేరిన చేతులు మనవి. ఒకరోజు వాడి పక్కన కూర్చుని మీరూ ఒక బొమ్మకి రంగు వెయ్యండి. "బడిలో ఏం జరిగిందిరా?" అని గుచ్చి గుచ్చి అడిగినా చెప్పని కబుర్లు అప్పుడు వాటంతటవే బయటికొస్తాయి.