పెరటితోట - పరుల రాక

ఇల్లాలు స్వహస్తములతో పెంచిన పెరటితోటను పరులకు చూపవలయునా, తలుపు గడియవేసి తనకే యుంచుకొనవలయునా యను ప్రశ్న చిన్నదిగా దోచును. కాని యది గృహిణి స్వేచ్ఛకు సంబంధించినది గనుక విచారింపదగియున్నది.

ఈ విషయమున ఇంగ్లండు దేశపు వృత్తాంతము మనకు కొంత దారి చూపును. 1859వ సంవత్సరమున లివర్పూలు నగరమందు విలియం రాత్‌బోన్ అను వర్తకుడు పేదరోగుల యిండ్లకు నర్సును బంపి పరిచర్య చేయించు పద్ధతి నారంభించెను. క్రమముగా నది దేశమంతట వ్యాపించెను. అట్టి నర్సుల సహాయార్థము 1927లో అనేక గృహస్థులు తమ తోటల ద్వారములను తెరచి, మనిషి కొక షిల్లింగు చొప్పున రుసుము గైకొనిరి. మొదటి యేట 609 తోటలు తెరువబడగా 8,000 పౌనులకు మించి సొమ్ము చేకూరెను. ఆ యేర్పాటు నేటికిని నడచుచున్నది. కెంటు మండలమున సిస్సింగ్‌హర్స్టు అను శిథిలస్థలమును భర్తతో గూడ 1930లో కొని తోటగా తీర్చిన రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్టు, 1938లో దానిని ప్రజలకు చూపసాగెను. వచ్చినవారిని ‘షిల్లింగులు’ అని ముద్దుపేరున పిలుచుచుండెను.

ఇందు గమనింపవలసిన దొకటి గలదు. ఆ గృహస్థులలో పెక్కండ్రు తోటను ఏటికి కొలదిదినములు మాత్రమే తెరతురు. తక్కిన దినములలో తోట వారిదే.

మన పెరటి సంగతి వేరు. నూయి, తులసికోట, అంట్లు తోము గట్టు, బట్టలారవేయు దండెము అన్నియు నచ్చటనే యుండును. ఇంటిపనుల నడుమ ఇల్లాలు క్షణకాలము ఊపిరి తీసికొను చోటును అదియే. యజమాని ముందుగా చెప్పక అతిథులను దోడ్కొనివచ్చినచో, ఆమె చేతిపని విడిచి లోనికి దాగవలసివచ్చును. నీరు మోసి పెంచిన దొకరు, చూపి మెప్పు గొనువారు వేరొకరు. ఇది న్యాయము గాదు. మరియు తడిసిన మడులను తొక్కినచో మన్ను గట్టిపడి వేళ్లకు గాలి యాడదు.

అట్లని తలుపు సదా బిగించుటయు మేలు గాదు. దాచిన గింజకంటె పంచిన గింజయే నిలుచును. మన బీరపాదు ఒక యేడు వానకో పురుగునకో నశించినచో, పొరుగింటి కిచ్చిన పిడికెడు విత్తనములే మరల మన పెరటికి వచ్చును. ఏ తెగులున కేమి చేయవలయునో పదిమంది స్త్రీలు కలిసి మాటలాడుకొనినపుడే తెలియును.

కావున, సోదరీమణులారా! నెలకొక సాయంకాలమును నిర్ణయింపుడు. ఆనాడు దండెము తీసివేసి, లేతనారుమళ్లకు కంప నడ్డముగా నుంచి, నడుచుబాటపై ఇసుక చల్లింపుడు. పూవులను వచ్చినవారిని కోయనీయక మీరే కోసి యిండు. నాటుకొనుటకు మందారకొమ్మనో, గుప్పెడు గింజలనో చేతబెట్టి పంపుడు. తక్కిన దినములలో తలుపు వేసికొనుటకు సంకోచింపకుడు. తోటను ఎప్పుడు తెరువవలయునో నిర్ణయించు నధికారము మాత్రము నీరు పోసిన చేతిదే కావలయును.