వడపోతలోనే ఊపు!

చెరుకు రసం గానుగలోంచి వచ్చినప్పుడు మడ్డిగా ఉంటుంది. సున్నం కలిపి, కాచి, మడ్డి తీసేస్తే గానీ చక్కెర పలుకు కంటపడదు. బోధన్‌లో తరాలుగా తెలిసిన సంగతే ఇది. చిత్రమేంటంటే... జనంతో గంతులేయించే టెక్నో సంగీతం తయారీ కూడా అచ్చం ఇంతే!

ఫ్యాక్టరీ ఊళ్ల పాట

టెక్నో పుట్టిల్లు అమెరికాలోని కార్ల పట్నం డెట్రాయిట్. అక్కడి ఫ్యాక్టరీలు కళ తప్పిన 1980ల్లో వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లతో ఈ బాణీకి ప్రాణం పోశారు. సాండర్సన్ బృందం ‘ఇన్నర్ సిటీ’ 1988లో తెచ్చిన ‘బిగ్ ఫన్’, ‘గుడ్ లైఫ్’ ఎంత హుషారైన పాటలో! అంతకుముందే 1982లో ముంబయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ యంత్రాల మీద పది రాగాలను డిస్కో దరువుకు కట్టి రికార్డు చేశారు. దాని విలువ ప్రపంచానికి తెలిసింది మాత్రం 2010లో మళ్లీ విడుదలయ్యాకే.

బోధన్‌దీ ఫ్యాక్టరీ కథే. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. మరి ఆ నేల కుర్రాళ్లు ఇలాంటి పాట కట్టాలంటే?

కంప్యూటరే గానుగ

ఓ కంప్యూటర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ముందు దరువు. నిమిషానికి 125 దెబ్బల చొప్పున, నాలుగేసి దెబ్బల లెక్కన సమంగా నడవాలి. తర్వాత కార్డ్... అంటే కొన్ని స్వరాల కలగలుపు. షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం, కైశిక నిషాదం ఒకేసారి మోగిస్తే మైనర్ సెవెంత్ కార్డ్. దాన్ని సాగదీయకుండా చిటికేసినట్టు, దెబ్బకీ దెబ్బకీ నడుమ తగిలించాలి. నడుం కదిలేది అక్కడే!

ఇక అసలు కిటుకు... ఫిల్టర్. సింథసైజర్‌లోంచి వచ్చే ముడి శబ్దంలో మందర ధ్వనుల నుంచి కీచు ధ్వనుల దాకా అన్నీ ఉంటాయి. ఫిల్టర్ మీట దించితే పైధ్వనులన్నీ ఆగిపోయి, పక్కింట్లో తలుపులేసుకుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. పదహారు ఆవర్తాల పాటు మీటను మెల్లగా పెంచుతూ పోతే తలుపు తెరుచుకున్నట్టు వెలుగొస్తుంది. స్వరం మారలేదు, వాల్యూమ్ పెంచలేదు... అయినా వినేవాళ్ల ఒళ్లు లేస్తుంది.

డప్పు ఎవరిది?

నిజామాబాద్ వీధుల్లో బరాత్ అయినా, గణేశ్ నిమజ్జనమైనా డీజే పెట్టెలు మోగాల్సిందే. ఊపు కోసం పెట్టెలు పెంచేస్తే ఇబ్బంది పడేది పసిపిల్లలూ, గుండెజబ్బులున్న పెద్దవాళ్లూ. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన.

ఇంకో చిక్కూ ఉంది. డప్పు చప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. కానీ అందులో ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. మంట దగ్గర కాచిన తోలు మోత వేరు, చల్లారి జారినప్పటి మోత వేరు. ఊళ్లోని కళాకారుణ్ని పిలిచి, కూలిచ్చి, వాయింపజేసి రికార్డు చేసుకుంటే పాటకి ప్రాణం, ఆయనకి పని. నాలుగు దరువుల టెక్నో మీద మూడు దరువుల తీన్మార్ వచ్చి పడితే... ఆ పాట డెట్రాయిట్‌ది కాదు, అచ్చంగా ఇందూరుదే!